పావగడలో ఫెర్న్ మొక్కలు మాడిన కార్తీకం

1939వ సంవత్సరం. మైసూరు సర్కారు తోటల కొలువులో చేరి నాకు అప్పటికి ఏడేళ్ళయింది. బెంగళూరులో పని నేర్చుకుని, తోట మేస్త్రీగా పావగడ ట్రావెలర్స్ బంగళాకు బదిలీ అయి వచ్చాను. మాది ఆ తాలూకాలోనే నిడుగల్లు. సొంత తాలూకాలో కొలువని అందరూ నా అదృష్టాన్ని మెచ్చుకున్నారు. నాకు మాత్రం మొదటి రోజు నుంచే మనసు కుదురుగా లేదు. అక్కడ నాకు అప్పగించినవి మల్లెలు కావు, మామిళ్ళు కావు. ఫెర్న్ మొక్కలు.

ఫెర్న్ అంటే పూవూ కాయా లేని మొక్క. ఆకే దాని అందం. ఆ ఆకును మా పనిలో ఫ్రాండ్ అంటాము. అది పుట్టినప్పుడు పసిబిడ్డ పిడికిలిలా ముడుచుకుని ఉండి, రోజుకు కొంచెం విప్పుకుంటుంది. ముదిరిన ఆకు అడుగున గోధుమరంగు చుక్కలు వరుసగా కడతాయి. వాటిలో ఉండే పొడిని స్పోర్లు అంటాము. విత్తనం చేసే పని ఇక్కడ ఆ పొడి చేస్తుంది. ఈ మొక్కకు నీడ కావాలి, తేమగాలి కావాలి, ఉప్పూ సున్నమూ లేని మెత్తటి నీళ్ళు కావాలి. పావగడలో దొరికేవి ఎండ, దుమ్ము, నోట్లో పోసుకుంటే ముఖం చిట్లించే బావినీళ్ళు.

అయినా అక్కడ ఫెర్న్ హౌస్ ఉంది. అమల్దారు అంటే ఆ రోజుల్లో తాలూకా మొత్తానికి పెద్ద అధికారి. నేను రాకముందు పనిచేసిన అమల్దారు ఒకరు, వానలు బాగా కురిసే పడమటి కొండసీమ మలెనాడు మనిషి. ఊరిమీద బెంగ తీరక, బంగళాకు ఉత్తరాన కానుగ చెట్ల కింద రాతి కూసాలు పాతించి, పైన ఈతచాపలు పరిపించి, లోపల బండలు పేర్పించి, ఆ సందుల్లో ఆకుమట్టి నింపించి, మలెనాడు నుంచి తడి గోనెల్లో చుట్టి తెప్పించిన మొక్కలు నాటించాడు. మూలన, మొక్కలకు పోసే నీళ్ళు నిలవ ఉంచడానికి ఒక రాతి తొట్టి. ఆయన బదిలీ అయి వెళ్ళిపోయాడు, మొక్కలు మిగిలాయి. తరువాత వచ్చిన అమల్దారుకు ఫెర్నుల మీద ప్రేమ ఏమీ లేదు. కాని తుమకూరు నుంచి క్యాంపుకు రాబోయే డిప్యూటీ కమిషనర్ దొరకు ఫెర్నులంటే ప్రాణమని ఎవరో చెవిన వేశారు. అంతే, నా నిద్రకు ఎసరు పెట్టినట్టయింది.

నేను పద్దెనిమిదో ఏట నుంచి డైరీ రాస్తున్నాను. ఫెర్న్ హౌస్‌కు వేరుగా ఒక నోటుబుక్కు పెట్టాను. మూడు పూటలా థర్మామీటరు ఎంత చూపింది, ఎన్ని కడవల నీళ్ళు పోశాము, ఎన్ని కొత్త ఫ్రాండ్లు విప్పుకున్నాయి, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడి. చివరి గడి మీద ‘పనివాళ్ళ లోపాలు’ అని రాసుకున్నాను. ఈ వ్యాసం ఆ చివరి గడి గురించి.

కొండ బండల్లో వాననీళ్ళు నిలిచే లోతైన గుంటను మా వైపు దోణె అంటారు. పావగడ కొండ మొదట్లో ఒకటి ఉండేది. ఫెర్నులకు ఆ నీళ్ళే. అక్కడి నుంచి బంగళాకు నడక కొంచెం దూరమే, మధ్యలో ఎక్కుడు కూడా ఉంది. ఆ నీళ్ళు మోసి తొట్టి నింపేది హనుమక్క. నలభై అయిదేళ్ళ మనిషి. వాళ్ళ వాళ్ళు తరతరాలుగా గొర్రెలు కాసినవాళ్ళు. భర్త కొండ మీద జారిపడి నడుము విరగ్గొట్టుకున్నాక గొర్రెలు పోయాయి. ఆ ఇంటికి ఆమె మోసే కడవలే ఆధారం.

నేను వచ్చిన వారానికే ఆమె నన్ను అడిగింది. “ఏం మొక్కలప్పా ఇవి, పూవు లేదు, కాయ లేదు. గొర్రె గూడా మూతి పెట్టదు. వీటికేమో నేను కొండ నీళ్ళు మోసేది, మా ఇంట్లో మేము ఉప్పునీళ్ళు తాగేది.”

“దొరలకు ఇష్టం హనుమక్కా.”

“అట్లయితే దొరలనే రెండు కడవలు ఎత్తుకోమను. ఆ ఇష్టం యాడిదాంకా వస్తాదో చూద్దాం.”

అంటూనే కడవ వంచేది, ఒక్క చుక్క నేల పడకుండా.

దసరా వెళ్ళాక అమల్దారు నన్ను పిలిపించాడు. ఆయన మాట్లాడింది కన్నడంలో. “దొరగారు కార్తీకం చివర్లో వస్తారు. బంగళాలో కదలని ప్రతిదానికీ సున్నం కొట్టించు” అన్నాడు. ఆ రోజుల్లో ఏ అధికారి వస్తున్నా సర్కారు జాగాల్లో అదే పద్ధతి. గోడలు, గేటు, దారి పక్క రాళ్ళు, చెట్ల మొదళ్ళు, అన్నీ తెల్లబడాలి. నాలుగు రోజులు దగ్గర నిలబడి చేయించాను. ఫెర్న్ హౌస్ కూసాలకూ, తొట్టికీ కూడా పూత పడింది. ఆ నాలుగు రోజులూ నోటుబుక్కులో పొందికగా రాసుకున్నాను.

పది పన్నెండు రోజులకు మొదటి లక్షణం కనిపించింది. స్వోర్డ్ ఫెర్న్ అని కత్తిలా పొడుగాటి ఆకుల రకం ఒకటి. దాని కొసలు గోధుమరంగుకు తిరిగాయి. గాలి పొడిగా ఉందనుకుని చాపల మీద మరో వరుస చాపలు వేయించాను. మరునాటికి మరో మూడు మొక్కలు. నీళ్ళు చాలలేదనుకుని మూడో పూట కూడా పోయించాను. తరువాత మలెనాడు పెద్ద రకాల్లో ముడి విప్పని పిడికిళ్ళు విప్పకుండానే నల్లబడ్డాయి. అన్నం ముందు కూర్చుంటే ఆ నల్ల పిడికిళ్ళే కళ్ళ ముందు. గంటకోసారి లేచి వెళ్ళి ఆకు తిప్పి చూసేవాడిని. ఒక గంటలో ఏమీ మారదని తెలుసు. అయినా ఆగలేకపోయేవాడిని.

ఆ సమయంలోనే బంగళా కావలివాడు తిమ్మప్ప తన సాయం చేశాడు. అతనికి ఊరి బయట రెండు ఎకరాల వేరుశనగ చేను ఉంది. ఒక ఉదయం ఫెర్న్ హౌస్ వెనక పొగ కనిపిస్తే పరుగెత్తాను. తిమ్మప్ప నిలబడి ఆకులు కాలుస్తున్నాడు. నా మొక్కల్లో పచ్చగా మిగిలిన ఆకులు.

“ఏంది తిమ్మప్పా ఇది?”

“తిక్క తెగులప్పా. మా చేన్లో శెనక్కాయ ఆకుకు ఇట్లనే చుక్కలొస్తాయి. చూడు, ఆకు కింద ఎన్ని ఉండాయో. పొద్దున్నుంచి ఏరి ఏరి కాలుస్తాండా. ఇప్పుడే చూసినాం కాబట్టి సరిపోయింది.”

“అవి స్పోర్లు. దాని విత్తనం అది.”

తిమ్మప్ప ఆకు తిప్పి చూశాడు, నన్ను చూశాడు. “విత్తనం ఆకు వీపు మీద పెట్టుకునే మొక్కను నేనెప్పుడూ చూడలేదప్పా. ముందే చెప్పుంటే చెయ్యి పెడతానా.”

వేరుశనగ పండించే ఊళ్ళో ఎవరైనా చేసే పొరపాటే అది. ఇప్పుడు నవ్వొస్తుంది. ఆరోజు చివరి గడిలో ఎర్ర సిరాతో రాశాను. అంతకంటే చెడ్డ సంగతి, చుట్టూ ఉన్నవాళ్ళ వల్లే నా మొక్కలు పాడవుతున్నాయన్న ఆలోచన నాలో పాతుకుపోయింది.

రెండు రోజుల తరువాత ఆకుమట్టి మీద తెల్లటి పొర చూశాను. గోటితో గీకితే పెళుసుగా రాలింది. ఉప్పునీళ్ళు కాచిన గిన్నె అడుగున పట్టే పొర లాంటిది. ఒక్కసారిగా అంతా తేటతెల్లమైనట్టు అనిపించింది. బంగళా బావి నీళ్ళలో సున్నం ఎక్కువ. దోణె దూరం, బావి పక్కనే. వర్షాలు సరిగా లేక దోణె నీళ్ళు కూడా లోతుకు దిగాయి. నేను మూడో పూట కూడా నీళ్ళు కావాలన్నాను. ఏ మనిషైనా ఏం చేస్తుంది?

ఆరోజు సంత. బంగళా ముందు తాలూకా కచేరి జవాన్లు, సంతకు వచ్చిన రైతులు నిలబడి ఉన్నారు. హనుమక్క కడవతో గేటు దాటుతుంటే అక్కడే ఆపాను.

“ఈ నీళ్ళు యాడివి?”

“దోణెవి. ఇంకేడివి?”

“బావివి పోసి దోణెవంటాండావు. మట్టి మీద సున్నం తేలింది. దొంగతనానికి సాక్ష్యం మట్టే చెప్తాండాది.”

ఆమె కడవ దించింది. “నోట్లో పోసుకోని చూడు.”

చూశాను. తియ్యటి నీళ్ళే. “ఈరోజు తెచ్చినావు. నేను పట్టుకుంటానని తెలిసి తెచ్చినావు” అన్నాను. జనంలో ఎవరో నవ్వారు. ఆమె కడవ ఎత్తుకుని వెళ్ళి తొట్టిలో వంచింది, ఎప్పటిలాగే చుక్క కింద పడకుండా.

ఆ సాయంత్రం చివరి గడిలో రాశాను: ‘హనుమక్క దోణె నీళ్ళకు బదులు బావి నీళ్ళు పోసి సర్కారును మోసగించినది. మొక్కల నష్టానికి ఇదే కారణం.’ అదే మాట కాగితం మీద అమల్దారుకు రాసిచ్చాను. ఆయన చదవడానికి పట్టినంత సేపట్లో ఆమె కొలువు పోయింది.

మరునాడు కడవలు అప్పగించడానికి వచ్చింది. తొట్టి పక్కన బోర్లించింది. “నువ్వు రాసిచ్చినావంట గదా మేస్త్రీ. నా నెత్తిన మోసిన నీళ్ళు అబద్దమూ, నీ చేత్తో రాసింది నిజమూనా?” అని అడిగింది. గొంతు పెద్దది చేయలేదు. నేను మొక్కల వైపు తిరిగి పని ఉన్నట్టు నటించాను.

కొత్త మనిషి దొరకలేదు. ఎవరినీ నమ్మబుద్ధి కూడా కాలేదు. కాబట్టి నేనే మోశాను. తెల్లవారగానే దోణెకు పోయి, కావడి భుజాన వేసుకుని, పూటకు ఆరు కడవలు. మెడ పట్టుకుపోయింది. అయినా మనసులో ఒక రకమైన నిబ్బరం: ఇక నీళ్ళు నావి, మోసం లేదు, వారంలో కొత్త పిడికిళ్ళు లేస్తాయి. ‘నీరు: దోణె. మోసినది: స్వయంగా’ అని రోజూ రాసుకున్నాను.

మొక్కలు మాడుతూనే పోయాయి. మూడో రోజుకు మరో ఏడు. తొమ్మిదో రోజుకు మలెనాడు నుంచి వచ్చిన పెద్ద రకాలన్నీ మొదళ్ళు నల్లబడ్డాయి. తెల్లపొర ఇంకా మందమైంది.

ఆరోజు మధ్యాహ్నం కావడి దించి, దాహానికి తట్టుకోలేక తొట్టిలో చేతులు ముంచి దోసిలి నోట్లో పోసుకున్నాను. నాలుక చురుక్కుమంది. తాంబూలంలో సున్నం ఎక్కువైనప్పుడు పొక్కుతుందే, సరిగ్గా అదే. ఉమ్మేసి కావడి కడవలో చెయ్యి పెట్టి రుచి చూశాను. తియ్యటి నీళ్ళు. మళ్ళీ తొట్టి. సున్నం.

లోపలికి పోయి నోటుబుక్కు తీశాను. వెతకడానికి ఎంతో సేపు పట్టలేదు. దసరా తరువాతి వారంలో, నా చక్కని దస్తూరీలో ఉంది: ‘తొట్టికి బయట ఒక పూత, లోపల రెండు పూతలు సున్నం. పాచి పట్టకుండుటకు నా ఉత్తర్వు.’ లోపల పూయమని అమల్దారు అనలేదు. నేనే అన్నాను. కొత్తగా సున్నం పూసిన తొట్టిని నీళ్ళతో నింపి, రెండు మూడు రోజులు ఉంచి పారబోయాలి. అలా నాలుగైదు సార్లు చేసిన తరువాతే ఆ నీళ్ళు మొక్కకు ముట్టించాలి. బెంగళూరులో మొదటి ఏడే నేర్పిన పాఠం. దోణె నీళ్ళు తగ్గుతున్నాయని, దొర వస్తున్నాడని, ఒక్కసారి కడిగించి సరిపెట్టాను.

ఇంకొకటి కూడా నా కళ్ళ ముందే ఉండింది. మేడెన్‌హెయిర్ అని వెంట్రుక లాంటి నల్లటి కాడలున్న సున్నితమైన రకం ఉంది. నీళ్ళు తగ్గినా, గాలి పొడిబారినా అన్నిటికంటే ముందు పోయేది అదే. కాని అది సున్నాన్ని ఓర్చుకుంటుంది, పాత గోడల గారలో కూడా మొలుస్తుంది. నా ఫెర్న్ హౌస్‌లో అన్నీ మాడుతుంటే పచ్చగా నిలిచింది ఆ ఒక్క రకమే. దాని కొత్త ఫ్రాండ్లను నేను రోజూ లెక్కపెట్టి గడిలో రాశాను. లెక్కపెట్టాను గాని, ఎందుకు బతికి ఉందని ఒక్కసారీ అడగలేదు.

కచేరికి వెళ్ళి అమల్దారుకు సంగతి చెప్పాను. ఆయన తలుపు వేసి వచ్చాడు. “నీకేమైనా పిచ్చా? ఆమె పోయింది, మొక్కలూ పోతున్నాయి. దొరగారికి నేను ఏదో చెప్పుకుంటాను. నువ్వు ఇప్పుడు కాగితం రాసిస్తే అది నీ సర్వీసు పుస్తకం చేరుతుంది. బెంగళూరుకు తిరిగి వెళ్ళాలని లేదా నీకు?”

ఉంది. చాలా ఉంది. బయటికి వచ్చి కచేరి అరుగు మీద కూర్చున్నాను. లేచాను, గేటు దాకా పోయాను, తిరిగి వచ్చాను. కడవలు బోర్లించి ఆమె అడిగిన ప్రశ్న వదలలేదు. రాసిచ్చాను. ఆయన కాగితం తీసుకున్నాడు, నా ముఖం చూడలేదు. “ఆమెను పిలుచుకో పో” అన్నాడు.

హనుమక్క ఇంట్లో లేదు. ఊరి బయట కాయ పీకేసిన ఒక వేరుశనగ చేనులో ఒంటరిగా పరిగె ఏరుకుంటోంది. మట్టిలో మిగిలిపోయిన కాయలను చిన్న కొయ్యతో తవ్వి ఏరుకోవడం అది. పక్క చేనులో పదిమంది ఆడవాళ్ళు కుప్ప చుట్టూ కూర్చుని మాట్లాడుకుంటూ కాయ తెంపుతున్నారు. ఈమెను కూలికి ఎందుకు పిలవలేదో దారిలోనే తిమ్మప్ప చెప్పాడు. సర్కారునే మోసం చేసిన మనిషి కాయల కుప్ప కాడ కూర్చుంటే ఒడి నింపుకోదా, అన్నారట. నేను వాడిన మాట సంత దాటి చేల దాకా వచ్చింది.

“హనుమక్కా, తప్పు నాది. తొట్టి లోపల సున్నం కొట్టించినాను. నీళ్ళల్లో ఏమీ లేదు.”

ఆమె తవ్వడం ఆపలేదు. “ఎవురికి చెప్పినావు?”

“అమల్దారుకు రాసిచ్చినా. రేపట్నుంచి నువ్వు పనికి రావచ్చు.”

“అమల్దారు నన్ను దొంగ అనలేదు గదప్పా. నువ్వన్నావు. సంత దినం, జనమంతా ఉండంగా.” కొయ్య పక్కన పెట్టి, చేతుల మట్టి దులుపుకుంది. “నాకు ఈడ చెప్తే ఏమొస్తాది? నేను దోణె నీళ్ళే పోసినానని నాకు తెలీదా? ఆ ఆడోళ్ళకు తెలీదు.”

“ఏం చెయ్యమంటావు?”

“సంతకు రా. ఆ పుస్తకం గూడా తీసుకోని రా. ఏం రాసినావో ఆడ చదువు.”

సంతకు నాలుగు రోజులు ఉంది. ఆ నాలుగు రోజులూ ఎలా గడిచాయో నా నోటుబుక్కు చూస్తే తెలుస్తుంది. థర్మామీటరు లెక్క ఒక్కటే ఉంటుంది, అదీ రెండు చోట్ల కొట్టేసి ఉంటుంది. పగలంతా తొట్టి లోపల కూర్చుని కొబ్బరిపీచుతో, రాతిముక్కతో సున్నం గీకాను.

సంత రోజు బంగళా గేటు దగ్గర నిలబడ్డాను. హనుమక్క వచ్చింది. వెంట కాయ తెంపే ఆడవాళ్ళు కొందరు వచ్చారు. వాళ్ళను తనే పిలుచుకొచ్చిందని తరువాత తెలిసింది. నోటుబుక్కు తెరిచి రాసింది రాసినట్టు చదివాను. తరువాత సున్నం సంగతి రాసిన పేజీ చదివాను. మొదటి వాక్యం కొట్టేయడానికి కలం తీశాను.

“కొట్టేయద్దు” అంది ఆమె. “కొట్టేస్తే ఏం రాసి ఉండెనో, ఏం కొట్టేసినావో ఎవురికి తెలుస్తాది? దాని కిందనే రాయి. నేను ఈడనే నిల్చోనుంటా.”

నిలబడే రాశాను: ‘పై మాట తప్పు. హనుమక్క పోసినవి దోణె నీళ్ళే. తొట్టిలో సున్నం పూయించినది నేను. నష్టానికి కారణం నేను.’ గట్టిగా చదివాను.

తిమ్మప్ప మెడ చాచి చూశాడు. “నా పేరు గూడా ఉండాదా దాంట్లో? తిక్క తెగులు సంగతి?”

“ఎర్ర సిరాతో ఉండాది” అన్నాను.

“అది మాత్రం కొట్టేయప్పా” అన్నాడు. అందరూ నవ్వారు. హనుమక్క నవ్వలేదు. వచ్చిన ఆడవాళ్ళలో పెద్దామె ఒకతె ఆమె భుజం మీద చెయ్యి వేసి, “సోమవారం మా చేనికి రా హనుమా” అంది. “నాకు పని ఉండాది లే, కొండ నీళ్ళు ఎవురు మోస్తారు?” అని హనుమక్క, బోర్లించిన కడవలు తీసుకుని దోణె దారి పట్టింది.

డిప్యూటీ కమిషనర్ దొర వచ్చాడు. కచేరి పుస్తకాలు చూశాడు, చెరువు కట్ట చూశాడు, సాయంత్రం కాఫీ తాగి కారెక్కాడు. ఫెర్న్ హౌస్ వైపు తిరగనే లేదు. బతికిన ఎనిమిది మేడెన్‌హెయిర్ మొక్కలను కుండీల్లోకి మార్చి వరండా మెట్ల మీద వరుసగా పెట్టి ఉంచాము. వాటి పక్కనుంచే దిగి వెళ్ళాడు.

నా కాగితం సర్వీసు పుస్తకం చేరింది. బెంగళూరు బదిలీకి మరో నాలుగేళ్ళు పట్టింది. ఆ నాలుగేళ్ళలో ఫెర్న్ హౌస్ మళ్ళీ నిండింది. తరువాత నా సర్వీసులో ఎన్నో తోటలు చూశాను; ఎక్కడ మొక్క వాడిపోయినా ముందు నేను ఏం మార్చానో వెనక్కి తిరిగి చదివేవాడిని. ఆ పుస్తకంలో పనివాళ్ళ లోపాలకు గడి గీసుకున్నాను గాని నా లోపాలకు గీసుకోలేదు. అందుకే నా ఉత్తర్వు నా అక్షరాల్లో ఉండి కూడా నాకు కనబడలేదు. 1940 మొదటి పేజీ నుంచి ఆ చివరి గడి పేరు మార్చాను. ‘లోపాలు’ అని మాత్రం ఉంటుంది, ఎవరివని ఉండదు.

హనుమక్క నాతో మునుపటిలా హాస్యమాడటానికి ఏడాది పైన పట్టింది. కాని పనికి తిరిగి వచ్చిన మొదటి రోజు నుంచే ఒక అలవాటు పెట్టుకుంది. చివరి కడవ వంచాక తొట్టిలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకునేది. తరువాత నా వైపు తిరిగి, నేను కూడా వచ్చి వేలు ముంచేదాకా కడవ ఎత్తేది కాదు.

“ఎట్ల ఉండాయి?”

“తియ్యగా ఉండాయి.”

“రాసుకో” అనేది.

నేను పావగడ వదిలిన రోజు దాకా, రోజూ రాసుకున్నాను.